ఆన్‌లైన్ సమావేశాలకు ‘జరగండి’ కావాలి

రద్దీని నడిపించే విద్యలో తిరుపతికి పాఠాలు చెప్పగలవాళ్లు భూమ్మీద తక్కువ. బస్టాండు ఎదురుగా శ్రీనివాసం, రైల్వే స్టేషను ఎదురుగా విష్ణు నివాసం, అలిపిరి దగ్గర భూదేవి కాంప్లెక్సు: ఎక్కడ సర్వదర్శనం టోకెను తీసుకున్నా, కొండ మీద ఏ వేళకు క్యూలో చేరాలో దాని మీదే ఉంటుంది. గంటల తరబడి కంపార్ట్‌మెంటులో కూర్చున్న భక్తుడైనా సన్నిధికి చేరాక నిలవగలిగేది కొన్ని క్షణాలే. ‘జరగండి, జరగండి’ అన్న మాట వినిపిస్తుంది, జరుగుతాడు. ఇంత అనుభవం ఉన్న ఊళ్లో ఉదయం పదకొండుకు మొదలైన ఆన్‌లైన్ సమావేశం భోజనాల వేళ దాటినా ముగియకపోవడం మనందరికీ తలవంపులు.

కనుక జిల్లాలో జరిగే ప్రతి ఆన్‌లైన్ సమావేశానికీ, శిక్షణకూ ఒక ‘జరగండి’ ఉద్యోగిని నియమించాలని సవినయంగా ప్రతిపాదిస్తున్నాను. పని చిన్నదే. మాట్లాడుతున్నవారు చెప్పవలసింది చెప్పేశాక కూడా తెర మీద నుంచి కదలకపోతే, హోదా చూడకుండా ఆ ఒక్క మాట అనాలి.

అవసరం ఎంత తీవ్రమో తెలియాలంటే ఒక సమావేశాన్ని విప్పి చూడాలి. మొదటి పావుగంట ‘వినిపిస్తోందా?’కు పోతుంది. వినిపిస్తోందని నలభై మంది ఒకేసారి చెప్పడంతో ఏమీ వినిపించదు. తరువాత స్క్రీన్ షేర్ ఘట్టం. అధికారి గారి తెర మీద నివేదికకు బదులు మనవరాలి పుట్టినరోజు ఫొటోలు ప్రత్యక్షమవుతాయి. చాలా బాగున్నాయి సార్ అని అందరూ అంటారు. ఆ రోజు ఏకాభిప్రాయం కుదిరే అంశం అదొక్కటే. ఆపైన పీపీటీలోని ప్రతి వాక్యాన్నీ, చదవడం వచ్చిన ఉద్యోగులకే, పైకి చదివి వినిపిస్తారు. ‘చివరగా ఒక్క మాట’ అన్నాక మరో ఇరవై నిమిషాలు. ఆ లోపు ఎవరి మైకులోంచో కుక్కరు కూస్తుంది. సమయపాలన తెలిసినది ఆ సమావేశంలో అదొక్కటే.

మొదట్లో ‘జరగండి’ పనిని జూమ్ తానే చేసేది. డబ్బు కట్టని ఖాతాలో సమావేశం 40 నిమిషాలకే తెగిపోతుంది. కార్యాలయాలు పొదుపు పాటించి ఉచిత ఖాతా వాడినంత కాలం ఎంతటి ఉపన్యాసమైనా 40 నిమిషాల్లో, ఒక్కోసారి క్రియాపదం కూడా రాకముందే, ముగిసేది. తరువాత ఎవరో ఉదారులు చందా కట్టారు. ప్రజాధనం ఇంతకంటే హానికరంగా ఖర్చయిన సందర్భం నా ఎరుకలో లేదు.

ఈ సాధనాల వల్ల మేలే లేదనను. కుప్పం నుంచి చిత్తూరుకు సమావేశానికి రావాలంటే ఒకప్పుడు రోజంతా బస్సుల్లోనే గడిచిపోయేది. ఇప్పుడు ఆ ఉద్యోగి కుప్పంలోనే కూర్చుని రోజు పోగొట్టుకోగలుగుతున్నాడు.

శిక్షణల సంగతి మరీ గంభీరమైనది. కెమెరా ఆపి, పేరు మాత్రం తెర మీద ఉంచి, గాంధీ రోడ్డులో పట్టుచీర బేరమాడుతూ నాయకత్వ లక్షణాల్లో శిక్షణ పొందినవారు మన మధ్య ఉన్నారు. బేరంలో ఆ లక్షణాలు స్పష్టంగా కనబరిచారనీ విన్నాను. చివర్లో పది ప్రశ్నల పరీక్ష ఉంటుంది. జవాబులు వాట్సాప్‌లో ముందే చేరతాయి, ఒక తప్పు జవాబుతో సహా. అందుకే అందరూ ఏడో ప్రశ్నే తప్పుతారు. సర్టిఫికెట్టు మాత్రం క్షణంలో వస్తుంది. అందులో పేరు అచ్చుతప్పు లేకుండా వస్తే ఆ శిక్షణను విజయవంతమైనదిగా లెక్కించవచ్చు.

ఈ లెక్కల్లో మనవాళ్లనే తప్పుపట్టడం న్యాయం కాదు. 2020 ఏప్రిల్‌లో జూమ్ సంస్థే తమకు రోజుకు 30 కోట్ల మంది వాడుకరులున్నారని చెప్పి, ఆనక అది మనుషుల లెక్క కాదు, సమావేశాల్లో పడిన హాజరీల లెక్క అని సవరించుకుంది. ఒకే మనిషి ఐదు సమావేశాల్లో కూర్చుంటే ఐదుగురన్నమాట. మన హాజరు పట్టికలు రాసేవారికి అమెరికాలో ఇంత గట్టి మద్దతు ఉందని ఎవరూ చెప్పలేదు, పాపం.

వాట్సాప్ గ్రూపుల గురించి క్లుప్తంగా. చిత్తూరు జిల్లా 2022 ఏప్రిల్ 4న విడిపోయింది, గ్రూపులు విడిపోలేదు. కుప్పంలో మంచినీటి పైపు పగిలితే ఇప్పటికీ శ్రీకాళహస్తిలో ఫోను మోగుతుంది. గ్రూపులో అందరూ చదివితే తప్ప టిక్కులు నీలంగా మారవు. ఎవరు చదివారో, ఎవరు చదవలేదో అధికారి వేలితో నొక్కిపట్టి చూసుకోవచ్చు. ఆ చూపుకు భయపడి రెండు వందల మంది ‘నోటెడ్ సార్’ అని రాస్తారు. ఏం నోట్ చేసుకున్నారో చూద్దామంటే అసలు ఆదేశం ఆ రెండు వందల మాటల కింద ఎక్కడో ఉంటుంది.

నా ప్రతిపాదనకు ఒక్క అభ్యంతరమే బలమైనది. అందరినీ మ్యూట్ చేసే మీట సమావేశం పెట్టినవారి చేతిలో ఉంటుంది. ‘జరగండి’ ఉద్యోగి మొదటిసారి నోరు తెరవగానే మొదట మ్యూట్ అయ్యేది అతనే. చేయెత్తే బొమ్మ నొక్కితే, అందరి కంటే ఆఖరున చూస్తారు. కాబట్టి అతను అధికారి గారి గదిలోనే, కుర్చీ పక్కనే నిలబడాలి. అందుకు ఉద్యోగిని ఆ ఊరికి పంపాలి, టీఏ, డీఏ ఇవ్వాలి. కుప్పం వాళ్లకు మిగిలిన బస్సు చార్జీలు ఇందుకు సరిపోతాయని అంచనా.