హూవర్‌ని ఆసుపత్రి మంచం దగ్గరే ఆపేస్తున్నాం

టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్‌ని కంప్యూటర్‌తో నడిపే పద్ధతి కనిపెట్టిన అమెరికా ఆవిడ ఎర్నా హూవర్ పేరెత్తితే అందరూ ఒకటే కథ చెబుతారు. రెండో కూతుర్ని కని ఆసుపత్రిలో ఉండగానే టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్ ప్రోగ్రామ్‌కి చిత్తుబొమ్మలు గీసిందని, పేటెంట్ కాగితాల మీద సంతకానికి బెల్ ల్యాబ్స్ (అమెరికా టెలిఫోన్ కంపెనీ పరిశోధనశాల) లాయర్లు ఇంటికే వచ్చారని. ముచ్చటైన కథే. కానీ అసలు సంగతి అందులో జారిపోతోంది. ఆవిడ ఇంజినీరింగ్ చదవలేదు.

అమెరికాలోని వెల్స్‌లీ కాలేజీలో చదివింది మధ్యయుగాల చరిత్ర, తత్వశాస్త్రం. 1951లో యేల్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ కూడా తత్వశాస్త్రం, గణిత మూలాలు, అంటే గణితం ఏ తర్కం మీద నిలబడుతుందనే చదువు. కొన్నాళ్లు పాఠాలు చెప్పింది, శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1954లో బెల్ ల్యాబ్స్‌లో చేరింది.

ఎక్స్‌ఛేంజ్‌లోకి కంప్యూటర్ వచ్చాక దాని నెత్తిన వంద పనులు. రిసీవర్ ఎత్తినవాడికి డయల్ టోన్ ఇవ్వాలి, తిప్పిన అంకెలు అందుకోవాలి, బిల్లు లెక్క రాసుకోవాలి. కాల్స్ ఒక్కసారిగా మీదపడితే అన్నీ స్తంభిస్తాయి. పెళ్లిభోజనాల దగ్గర అనుభవమున్న పెద్దమనిషి ఏం చేస్తాడు? కూర్చున్న బంతికి వడ్డన ఆగనివ్వడు, కొత్తవాళ్లని గుమ్మం దగ్గర కాసేపు నిలబెడతాడు, గిన్నెల లెక్క తర్వాత చూసుకుంటాడు. హూవర్ ప్రోగ్రామ్ అదే చేసింది. పైగా రద్దీ ఎంతుందో ఎప్పటికప్పుడు తనే కొలుచుకుని, కొత్త పనిని ఎంత లోపలికి రానివ్వాలో సర్దుకునేది. 1971 నవంబరు 23న వచ్చిన ఆ పేటెంట్ నంబరు 3,623,007. సాఫ్ట్‌వేర్‌కి దక్కిన తొలి పేటెంట్లలో అదొకటి.

ఇందులో సర్క్యూట్ ఎక్కడుంది చెప్పండి? ఏది ముందు, ఏది ఆగగలదు, ఎప్పటిదాకా? పక్కా తర్కం.

కంప్యూటర్లు బెల్ ల్యాబ్స్ నేర్పింది కదా, ఒక్కావిడని చూపించి పిల్లలందర్నీ బీఏలో చేరమంటారా అనొచ్చు. చేరమనడం లేదు. కోడింగ్ ఏ కంపెనీ అయినా నేర్పుతుంది. ఏ పని ఆగినా కొంప మునగదో తేల్చే బుర్ర ఆ శిక్షణలో రాదు.

మన దగ్గర పదో తరగతి ఫలితాలు రాగానే ఇంటికొచ్చే కాలేజీ పీఆర్వో ఎంపీసీనా, బైపీసీనా అంటాడే తప్ప హెచ్‌ఈసీ ఊసెత్తడు. మా వీధిలో ఓ అమ్మాయి చరిత్ర చదువుతానంది. ‘‘మార్కులు బానే వచ్చాయిగా, ఇదేం ఖర్మే నీకు?’’ అన్నాడు మేనమామ. ఇప్పుడా పిల్ల సీఎస్‌ఈ మూడో ఏడాది. నిన్న రాత్రి పాత ప్రశ్నపత్రాలు ముందేసుకుని షెడ్యూలింగ్ ఆల్గారిథమ్స్, అంటే కంప్యూటర్ ఏ పని ముందు చేయాలో తేల్చే పద్ధతులు, బట్టీ పడుతోంది.