5జీ గుర్తు సరే, టవరెంత దూరం?

ఫోను పైమూల 5జీ అని వెలిగితే 5జీ వాడుతున్నట్టే అనుకుంటారు చాలామంది. కాదండీ. 2022 అక్టోబరు 1న దేశంలో 5జీ మొదలైనప్పుడే రెండు దారులు చీలాయి. జియో, టవరు నుంచి లోపలి కోర్ (నెట్‌వర్క్‌ని నడిపే కేంద్రం) దాకా అంతా కొత్తగా కట్టుకుంది. ఎయిర్‌టెల్ అప్పటికే ఉన్న 4జీ భుజమ్మీద చెయ్యేసి నడిచే 5జీతో దిగింది. ఈ రెండో పద్ధతిలో ఫోను ముందు 4జీ సెల్‌నే (టవరు పరిధిని సెల్ అంటారు) పట్టుకుంటుంది. "నా దగ్గర 5జీకి ఏర్పాటుంది" అని ఆ 4జీ సెల్ తన ప్రసారంలో ఒక్క బిట్ పంపితే చాలు, చాలా ఫోన్లు పైన గుర్తు మార్చేస్తాయి. డేటా మాత్రం పాత 4జీలోనే పోతూ ఉండొచ్చు. తాపేశ్వరం కాజా డబ్బాలో మరమరాలు పోసిచ్చినట్టు.

నా గోల గుర్తు గురించి కాదు. గుర్తు చూసి మురిసే మనం టవరు గురించి మూడు ప్రశ్నలు అడగం. ఎంత దూరంలో ఉంది? దాని వెనక ఫైబర్ ఉందా? కరెంటు పోతే ఎన్ని గంటలు నిలబడుతుంది? తరం మారిన ప్రతిసారీ ఈ మూడింటికీ జవాబు మారాలి. మన గోదావరి డెల్టాలో చాలా ఊళ్లలో మారింది గుర్తొక్కటే.

1జీ మన సామాన్యుడి దాకా రాలేదు. 1979లో టోక్యోలో, 1983లో షికాగోలో మొదలైన అనలాగ్ ఫోన్లవి. స్కానర్ ఉన్నవాడెవడైనా పక్కింటివాళ్ల మాటలు వినేయొచ్చు. మనం నేరుగా 2జీలోకే దిగాం. 1995 జూలై 31న కలకత్తా నుంచి బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలో ఉన్న టెలికాం మంత్రి సుఖ్‌రామ్‌కి చేసిన కాల్ జీఎస్ఎంలోనే, అంటే 2జీ పద్ధతిలోనే. రద్దీ వేళ నిమిషానికి 16 రూపాయల పైచిలుకు. వచ్చిన కాల్‌కీ బిల్లే, అది పోయింది 2003 మేలో. 1996 నవంబరు 6 తుపాను కోనసీమ కొబ్బరిని నేలకూల్చినప్పుడు మన ఊళ్ల ఫోనంటే స్తంభాల మీది తీగే. స్తంభాలతో పాటే పడింది.

ఇక 2జీని ముసలి టెక్నాలజీ అని తీసిపారేసేవాళ్ల కోసం కాస్త వివరంగా. 200 కిలోహెర్ట్జ్ ఛానెల్‌ని కాలంలో 8 ముక్కలు చేస్తారు, ఒక్కో ముక్క 0.577 మిల్లీసెకన్లు. కాలవ నీటికి వంతులేసుకున్నట్టే, ఎవరి వంతులో వాళ్లు పంపాలి. దూరంగా ఉన్న ఫోను కాస్త ముందుగా పంపకపోతే పక్కవాడి వంతులోకి వచ్చి పడుతుంది. ఎంత ముందుగా పంపాలో టవరే చెబుతుంది, 0 నుంచి 63 దాకా ఒక అంకెతో. ఒక్కో అంకెకీ సుమారు 550 మీటర్లు. అందుకే మామూలు జీఎస్ఎం సెల్‌కి 35 కిలోమీటర్లు హద్దు. మన నేల బల్లపరుపు, అవతల సముద్రం. 40 మీటర్ల టవరుకీ పడవలో 2 మీటర్ల ఎత్తున పట్టుకున్న ఫోనుకీ మధ్య రేడియో చూపు లెక్క ప్రకారం 32 కిలోమీటర్ల దాకా ఆనుతుంది. అంతర్వేది తీరం నుంచి వేటకెళ్లిన పడవకి బటన్ ఫోను అంత ముఖ్యం ఎందుకంటే ఇదీ ఒక కారణం.

రెండో కారణం ఫోను గొంతు. 900 మెగాహెర్ట్జ్‌లో 2జీ ఫోను తన వంతులో 2 వాట్లు పంపగలదు. మామూలు 4జీ, 5జీ ఫోను గరిష్ఠం 0.2 వాట్లు. (2జీది ఎనిమిదో వంతు కాలమే కాబట్టి సగటున పావు వాటే, అది నిజమే. కానీ కేక వినపడాల్సిన క్షణంలో గట్టిగా వినపడుతుంది.) టవరు మాట ఫోనుకి వినపడ్డం కష్టం కాదు, టవరు దగ్గర పెద్ద ఆంప్లిఫయర్లున్నాయి. ఫోను మాట టవరుకి వినపడ్డమే కష్టం. ఫోనులో సిగ్నల్ కడ్డీలు నిండుగా ఉంటాయి, యూట్యూబ్ ఆడుతుంది, చెరువు గట్టు మీంచి జబ్బు రొయ్య ఫొటో వాట్సాప్‌లో ల్యాబ్‌కి పంపితే మాత్రం గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. సమస్య ఫోనుది కాదు, పైకెళ్లే దారిది.

3జీ గురించి రెండు ముక్కలు చాలు. 2010 వేలంలో కంపెనీలు ఆస్తులు తాకట్టు పెట్టినంత పని చేసి కొన్నాయి. అందరూ ఒకే 5 మెగాహెర్ట్జ్‌లో ఒకేసారి మాట్లాడతారు, ఒకరి మాట మరొకరికి రొద. జనం పెరిగితే సెల్ కుంచించుకుపోతుంది, తగ్గితే మళ్లీ విచ్చుకుంటుంది. పొద్దున్న ఊరి చివర ఇంటికి అందిన సిగ్నల్ సాయంత్రం అందేది కాదు. సంక్రాంతికి భీమవరం బరుల దగ్గర ఏమయ్యేదో వేరే చెప్పాలా? ప్రైవేటు కంపెనీలు దాన్ని తీసేసి ఆ తరంగాలన్నీ 4జీకి ఇచ్చేసుకున్నాయి, 2జీని మాత్రం ఉంచుకున్నాయి. తాత బతికుండగానే తండ్రి పోయాడన్నమాట. తాతకి పని ఉంది, అందుకని.

4జీ మొదట్లో పెద్ద లోపం ఏంటంటే దానికి సొంతంగా మాట్లాడ్డం రాదు. కాల్ వస్తే ఫోను 2జీకో 3జీకో దిగేది, మాట్లాడినంతసేపూ డేటా 2జీలో చచ్చిపోయేది, 3జీలో నెమ్మదించేది. 2016 సెప్టెంబరు 5న వచ్చిన జియోకి పాత నెట్‌వర్క్ లేదు కాబట్టి మాటని కూడా డేటాగానే పంపక తప్పలేదు. మిగతావాళ్లూ ఆ దారే పట్టారు. మేలే. అయితే 850 మెగాహెర్ట్జ్ కొబ్బరి తోటలోంచి దూరినట్టు 2300 దూరదు. వాన పడి మట్టలు తడిస్తే మరీను. తోట మధ్యలో పెంకుటింటికి వెళ్తే ఫోను కింది బ్యాండ్‌కి, అంటే 850 లాంటి తక్కువ మెగాహెర్ట్జ్‌కి జారుతుంది, ఆ బ్యాండ్ వెడల్పు తక్కువ, ఊరంతా అందులోనే కిక్కిరిసి ఉంటుంది. ఇంట్లో వైఫై ఉంటే సెట్టింగుల్లో వైఫై కాలింగ్ వేసుకోండి. సగం గొడవ అక్కడే తీరుతుంది.

తీరం ఊళ్లకి ఇంకో చిత్రమైన రోగం ఉంది. గాలి కదలని రాత్రుల్లో, తెల్లవారుజాముల్లో సముద్రం మీద తేమ గాలి కింద, పొడి వేడి గాలి పైన పొరలుగా నిలుస్తాయి. ఆ పొరల మధ్య తరంగం గొట్టంలో పోయినట్టు వందల కిలోమీటర్లు పోతుంది. 4జీ 2300లోనూ 5జీ 3300లోనూ పంపడం, వినడం ఒకే ఛానెల్‌లో వంతులవారీగా జరుగుతాయి. 300 కిలోమీటర్ల అవతలి టవరు పంపింది మనదాకా రావడానికి 1 మిల్లీసెకను. వంతుకీ వంతుకీ మధ్య వదిలిన ఖాళీ అందులో చిన్న ముక్క. అంటే మన టవరు మన ఫోన్లు వినాల్సిన వేళకి దూరపు టవరు చెవిలో అరుస్తుంటుంది. కడ్డీలు నిండుగా, కాల్ కలవదు. ఎండెక్కి గాలి మొదలైతే దానంతటదే పోతుంది. పదింటికి వచ్చిన టెక్నీషియన్ "అంతా బాగానే ఉంది కదండీ" అని వెళ్లిపోతాడు, అతని తప్పూ లేదు. ఫిర్యాదులో టైము రాయకపోతే ఈ రోగం ఎప్పటికీ దొరకదు.

5జీలో దూరం లెక్క ఇంకా కఠినం. 900 నుంచి 3500కి వెళ్తే అదే దూరానికి, అదే తరహా యాంటెన్నాకి చేరే శక్తి సుమారు 15వ వంతు. 64 ప్రసార భాగాలున్న యాంటెన్నా కిరణాన్ని మీవైపు తిప్పి కొంత పూడుస్తుంది, కానీ మామూలు ఫోను గొంతు అదే 0.2 వాట్లు. పైగా ఐదు వంతుల్లో పైకెళ్లడానికి దక్కేది దాదాపు ఒకటి. కాబట్టి టవర్లు దగ్గరగా రావాలి. రాలేదు. పాత టవరుకే కొత్త పెట్టె తగిలించారు.

ఆ టవరు వెనక ఏముందో చూడండి. పైన గుండ్రటి డ్రమ్ము లాంటిది పక్క ఊరివైపు చూస్తోందంటే అది మైక్రోవేవ్ లింకు. 28 మెగాహెర్ట్జ్ ఛానెల్ అయితే మంచి రోజున 180 ఎంబీపీఎస్ దాకా, జోరువానకి లింకు తెగకుండా తనే తగ్గించుకుని 40కి దిగుతుంది. 5జీ సెక్టారు (టవరుకి ఒకవైపు) ఒక్కటే 1000 ఎంబీపీఎస్ అడగ్గలదు. గోదారి నీళ్లన్నీ పంట బోదెలోంచి పంపినట్టు. ఫైబరున్న చోట వేరే తద్దినం. కాలవలు కట్టేసిన రోజుల్లో పూడిక తీసే జేసీబీ గట్టు వెంబడి వేసిన కేబుల్‌ని లాగేస్తుంది. రెండో దారి లేకపోతే వరసగా ఉన్న ఊళ్లన్నీ ఒకేసారి ఆగిపోతాయి.

కరెంటు లెక్క మీరే వేసుకోవచ్చు. టవరు 48 వోల్టుల మీద నడుస్తుంది. 600 ఆంపియర్-అవర్ బ్యాటరీ బ్యాంకు అంటే 28.8 యూనిట్లు, అందులో వాడుకోదగ్గవి 23 అనుకోండి. 2జీ, 4జీ కలిపి 2 కిలోవాట్లు లాగితే 11 గంటలు నిలబడుతుంది. మూడువైపులా 5జీ పెట్టెలు తగిలిస్తే, నిండు లోడులో ఒక్కోటి కిలోవాటు దాకా, మొత్తం 5 కిలోవాట్లు. అదే బ్యాటరీ నాలుగున్నర గంటలు. అదీ కొత్త బ్యాటరీ. లెడ్ బ్యాటరీకి 25 డిగ్రీల మీద ప్రతి 10 డిగ్రీలకీ ఆయుష్షు సగం, మన మే నెల సంగతి తెలిసిందే. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. అలాంటి రాత్రి మర్నాడు జనరేటరుకి డీజిలు తెచ్చే వ్యాను దారిలో పడిన కొబ్బరి చెట్ల ముందు ఆగిపోతుంది. తుపాన్లప్పుడు టెలికాం శాఖ సర్కిల్ లోపలి రోమింగ్ తెరిపిస్తుంది, మీ కంపెనీ టవరు పోయినా పక్క కంపెనీ టవరు మీ సిమ్‌ని రానివ్వాలి. ఫోను తనంతట పట్టుకోకపోతే సెట్టింగుల్లో నెట్‌వర్క్ ఎంపిక ఆటోమేటిక్ తీసేసి, జాబితా వచ్చేదాకా ఓపిక పట్టి, వేరే పేరు నొక్కండి.

ఇప్పుడు తాత, అంటే 2జీ, చేస్తున్న పని. ఆకివీడు, ఉండి, భీమవరం చుట్టూ రొయ్యల చెరువు గట్ల మీద ఏరియేటర్లకి (నీళ్లకి గాలి పట్టించే యంత్రాలకి) మొబైల్ స్టార్టర్లున్నాయి. కరెంటు పోతే రైతుకి ఫోను చేస్తాయి, వస్తే మోటారు వేస్తాయి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ లీటరుకి 3 మిల్లీగ్రాముల కిందికి జారితే వనామీ రొయ్యకి గండం, అప్పుడు ఆ ఒక్క కాలే పంటని కాపాడేది. పాత స్టార్టర్లలో ఉండేది ఎక్కువగా సిమ్800 తరహా 2జీ మాడ్యూల్. అందులో జియో సిమ్ పనిచేయదు, జియోకి 2జీ లేదు.

ఈ పెట్టె పాడైందని మెకానిక్ దగ్గరకి పట్టుకెళ్లే ముందు రీఛార్జి చూడండి. ప్యాక్ గడువు దాటిన సిమ్మే మొదటి ముద్దాయి. 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్, డేటా లేకుండా మాటలకీ ఎస్ఎంఎస్‌లకీ మాత్రమే ప్యాకులుండాలని నిబంధన పెట్టింది. స్టార్టరుకి అది, వీలైతే ఏడాదిది వెయ్యండి. తర్వాత పవర్ సప్లై. 2జీ మాడ్యూల్ పంపేటప్పుడు సెకనుకి 217 సార్లు 2 ఆంపియర్ల దాకా గుంజుతుంది. పాత స్పీకరు పక్కన ఫోను పెడితే టకటకమని వచ్చే చప్పుడు ఇదే. అడాప్టరు నాసిరకమైనా తీగ సన్నమైనా వోల్టేజి కుంగి మాడ్యూల్ రీసెట్ అవుతుంది, అదీ సిగ్నల్ తక్కువున్నప్పుడే, ఎందుకంటే అప్పుడే గట్టిగా అరవాలి. మాడ్యూల్ కాళ్ల దగ్గరే 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్, లావు పొట్టి తీగలు వేయించండి. యాంటెన్నా ఇనప పెట్టె లోపల పెట్టకండి. బయటకి తెచ్చేటప్పుడు సన్న కేబుల్ 5 మీటర్లు లాగితే మూడింట రెండొంతులు సిగ్నల్ కేబుల్లోనే ఆవిరి. కనెక్టరుకి ఉప్పుగాలి తగలకుండా రబ్బరు టేపు చుట్టండి, పచ్చబడిన కనెక్టరుని గీకి వాడొద్దు, మార్చండి. స్టార్టరు సిగ్నల్ అంకె పంపేదైతే అది 0 నుంచి 31 మధ్య ఉంటుంది. 10 కన్నా తక్కువుంటే యాంటెన్నా ఎత్తు పెంచాల్సిందే.

కొత్తది కొంటే 4జీ క్యాట్-1 మాడ్యూల్ అడగండి, కానీ వోల్టీ (4జీలోనే మాట్లాడే సౌకర్యం) ఉందో లేదో రాయించుకోండి. అది లేకపోతే యాప్‌లో బాగానే ఉంటుంది, రాత్రి రెండింటికి కాల్ మాత్రం రాదు. 850 మెగాహెర్ట్జ్, అంటే బ్యాండ్ 5 కూడా ఉండాలి. 2జీ ఎప్పుడో ఒకప్పుడు ఆపేస్తారు, ఆపాలి కూడా. గట్టు మీది పెట్టెలు మార్చుకునే గడువివ్వకుండా ఆపితే మాత్రం అది దొంగదెబ్బే.

మనవైపు తప్పూ లేకపోలేదు. రేడియేషన్ అని టవరుని ఊళ్లోంచి వెళ్లగొట్టి, సిగ్నల్ లేదని తిట్టుకునే ఊళ్లున్నాయి. 2012 సెప్టెంబరు 1న మన ప్రభుత్వం పెట్టిన పరిమితి అంతర్జాతీయ పరిమితిలో పదోవంతు. పైగా టవరు దూరమైతే చెవి పక్కనున్న ఫోనే గట్టిగా అరుస్తుంది.

పోట్లాడేముందు కొలవండి. ఆండ్రాయిడ్‌లో *#*#4636#*#* కొడితే, ఐఫోన్‌లో *3001#12345#* కొట్టి డయల్ చేస్తే లోపలి అంకెలు కనిపిస్తాయి. ఆర్ఎస్ఆర్‌పీ, అంటే ఫోనుకి అందే సిగ్నల్ బలం, మైనస్ 90 డీబీఎం కన్నా సున్నా వైపుంటే బాగు, మైనస్ 105 దాటి కిందికెళ్తే బలహీనం, మైనస్ 115 దాటితే ఆశ వదులుకోవడమే. సిగ్నల్ గట్టిగా ఉండి ఎస్ఐఎన్ఆర్ (రొదతో పోలిస్తే సిగ్నల్ ఎంతో చెప్పే అంకె) సున్నా చుట్టూ ఉంటే రొద ఎక్కువని అర్థం. రెండూ బాగుండి స్పీడు లేకపోతే వెనకున్న లింకు ఇరుకు, లేదా ఊరంతా ఒకేసారి వాడుతోంది. తెల్లవారుజామున 4 గంటలకి ఓసారి, రాత్రి 9కి ఓసారి స్పీడు చూస్తే ఏదో తేలిపోతుంది. సెల్ ఐడీ, ఈ అంకెలు, టైము, అప్పుడు కరెంటుందో లేదో కాగితం మీద రాసుకుని మీ కంపెనీ ఫిర్యాదుల నంబరు 198కి ఫోన్ చెయ్యండి. డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నంబరు, చెప్పేదాకా పెట్టేయకండి.