‘ఏం లేదు’ అనే పిల్లలకు ఓ పాత్ర కావాలి

అన్నం కెలుకుతూ కూర్చున్న కొడుకుని అమ్మ అడుగుతుంది, ‘ఏమైందిరా?’ అని. ‘ఏం లేదు.’ హాస్టల్ నుంచి ఫోన్ చేసిన కూతురి గొంతు తేడాగా ఉందని నాన్న ఆరా తీస్తాడు. ‘ఏం లేదు నాన్నా, జలుబు.’ దాస్తున్నారని మనం విసుక్కుంటాం గానీ, చాలాసార్లు తమకేమైందో చెప్పుకోవడానికి ఆ పిల్లల దగ్గర మాటలే ఉండవు.

విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌లో ఉండగా 2023లో చనిపోయిన పదిహేడేళ్ల అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థలు కనీసం ఒక శిక్షణ పొందిన కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో నియమించాలన్నది అందులో ముఖ్యమైంది. మంచి తీర్పే. ఒక్క 2022లోనే దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాలు చెబుతున్నప్పుడు, ఆలస్యంగా వచ్చిన తీర్పు కూడా.

అయితే ఆ కౌన్సెలర్ గదిలో ఏం జరగబోతోంది? ఒక బల్ల, రెండు కుర్చీలు. ‘చెప్పు నాన్నా, నీ సమస్యేంటి?’ మళ్లీ అదే జవాబు: ఏం లేదు. పైగా పిల్లవాడు ఆ గదిలోంచి బయటకు రావడం క్లాసంతా చూస్తుంది. సాయంత్రానికి వాడికో పేరు పడుతుంది. అందుకే గట్టిగా అంటున్నాను, ఈ కొత్త పోస్టుల్లో డ్రామా థెరపీ, అంటే నాటకమాడించి మనసుకు చేసే చికిత్స, నేర్చినవాళ్లు ఉండాలి. ముందుగా, పదేళ్లకే ఇల్లు వదిలి ఐదో తరగతిలో చేరే పిల్లలుండే గురుకులాల్లో ఉండాలి.

ఎందుకంటే నాటకం ‘నీకేమైంది’ అని అడగదు. ఎనిమిదిమంది పిల్లలు గుండ్రంగా కూర్చుంటారు. ప్రేక్షకులుండరు, బట్టీ పట్టాల్సిన డైలాగులుండవు, బహుమతులుండవు. కాసేపు ఒళ్లు వదులయ్యే ఆటలు. తర్వాత ఒక కథ. కుందేలుపిల్ల అడవిలో దారి తప్పింది. చీకటి పడింది. దానికేం వినబడుతోంది? ఎవర్ని పిలుస్తుంది? ఇంటిమీద బెంగ ఉందని చచ్చినా ఒప్పుకోని పిల్లవాడు, ‘వాళ్లమ్మని పిలుస్తుంది’ అంటాడు. కాసేపాగి, ‘రాదులే, కూలికి పోయింది’ అంటాడు. ఆ మాట కుందేలుది. అది నీ సంగతే కదా అని ఎవరూ అనరు, థెరపిస్టు అసలే అనకూడదు. తన బాధని తన ఒంటిమీంచి తీసి కుందేలు ఒంటిమీద వేసి, ఎదురుగా పెట్టుకుని చూసుకునే వీలు ఆ పిల్లవాడికి దొరికింది. ఈ దూరంలోనే ఉంది మందంతా.

పాత్రలు తారుమారు చేసుకోవడం ఇంకో పద్ధతి. మార్కులు తగ్గాయని తిట్టే నాన్న కుర్చీలో కూతురే కూర్చుంటుంది, ఎదురుగా కూతురుగా ఇంకో అమ్మాయి. నాన్నలా అరుస్తూ అరుస్తూ, ‘ఫీజు కోసం చేసిన అప్పు ఎట్లా తీర్చాలమ్మా’ అనేస్తుంది. ఆ కోపం అడుగున భయం ఉందని ఆ క్షణంలో ఆమెకు తెలుస్తుంది. వందసార్లు ‘నాన్న నీ మంచికే చెబుతున్నాడు’ అన్నా రాని ఎరుక అది. కానీ ఒక్కమాట: కొట్టే తండ్రిని అర్థం చేసుకోమని బిడ్డకు నూరిపోయడానికి దీన్ని వాడితే అది ద్రోహం. అలాంటిది బయటపడినప్పుడు నాటకం ఆపి, పిల్లల రక్షణ చట్టాల దాకా వెళ్లాల్సి వస్తే వెళ్లాలి.

ఆట ముగిశాక పాత్రను విడిపించడం కూడా చికిత్సలో భాగమే. పాత్ర కోసం వేసుకున్న కండువా తీసి పక్కన పెట్టి, తన పేరు తాను గట్టిగా చెప్పి, ‘నేను కుందేలుని కాదు’ అనుకుని గదిలోంచి బయటకు రావాలి. నాటకంతో చికిత్స నిన్నమొన్న మొదలైంది కాదు. వియన్నాలో వైద్యం చదువుతూ జేకబ్ మొరెనో 1910కి అటూఇటూగా పార్కుల్లో పిల్లల్ని పోగేసి కథలు ఆడించేవాడు. సైకోడ్రామా అనే చికిత్సా పద్ధతికి విత్తనం అక్కడే పడింది. ఇవాళ బ్రిటన్‌లో డ్రామాథెరపిస్టునని చెప్పుకోవాలంటే చట్టప్రకారం రిజిస్ట్రేషన్ ఉండి తీరాలి.

ఆధారాలేవని అడిగేవారున్నారు. పరిశోధనలు ఎక్కువగా చిన్న బృందాలమీదే జరిగాయన్నది నిజమే. అరకొరగా నేర్చినవాళ్లు పిల్లల గాయాలు కెలికితే కీడు జరుగుతుందన్నదీ నిజమే. తీవ్రమైన డిప్రెషన్‌లో ఉన్న బిడ్డకు సైకియాట్రిస్టే కావాలి. కానీ తెల్లవారకముందే లేపి రాత్రి పదిదాకా స్టడీ అవర్స్‌లో కూర్చోబెడితే పిల్లలు బాగుపడతారని ఏ పరిశోధన చూసి నమ్ముతున్నాం?

అసలు నన్ను వేధించే సంగతి ఇంకోటుంది. మన పిల్లలు తెలుగులో బాధపడటం మర్చిపోతున్నారు. గోడమీద అతికించిన ఫీలింగ్స్ చార్టులో నాలుగు బొమ్మలు: హ్యాపీ, శాడ్, యాంగ్రీ, స్కేర్డ్. అమ్మ గుర్తొస్తే బెంగ. రేపటి గురించైతే దిగులు. అందరిముందూ మాటపడితే చిన్నబోతాం. ఎదురు చెప్పలేనప్పుడు ఉక్రోషం. కావలసినవాళ్లు పట్టించుకోకపోతే కినుక. ఇన్నిటినీ ‘శాడ్’ అనే ఒక్క డబ్బాలో కుక్కితే, ఏ బాధకు ఏ మందో కౌన్సెలర్‌కి మాత్రం ఎలా తెలుస్తుంది? కుందేలుపిల్ల పాత్రలోకి వెళ్లిన పిల్లవాడు చార్టు భాష మాట్లాడడు, ఇంటి భాష మాట్లాడతాడు. అది ఆదిలాబాద్ తెలుగైనా, సిక్కోలు తెలుగైనా, గోండీ అయినా సరే, థెరపిస్టుకి ఆ భాష రావాలి.

అలాంటి మనుషులు మనకు లేక కాదు. 1885లో కడప జిల్లా సురభిలో ‘కీచకవధ’ ఆడినవాళ్ల వారసులు ఇంకా నాటకాలాడుతున్నారు. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, అక్కయ్య కామేశ్వరి పిల్లల్ని మైకు ముందు భయం లేకుండా మాట్లాడించిన నేల ఇది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రంగస్థల కళలు చదివినవాళ్లున్నారు. డీఎస్సీ నోటిఫికేషన్లో పీఈటీ పోస్టు చూశాను గానీ డ్రామా టీచరు పోస్టు ఎన్నడూ చూడలేదు. వీళ్లను ఎంపిక చేసి, పిల్లల మనస్తత్వశాస్త్రంలో గట్టి శిక్షణ ఇచ్చి, ఒక సైకాలజిస్టు పర్యవేక్షణలో పనిచేయించాలి.

వచ్చే జూన్‌లో ఐదో తరగతి పిల్లలు మళ్లీ ట్రంకుపెట్టెలతో గురుకులాల గేటు దాటుతారు. మొదటి నెలంతా వారానికి రెండు పీరియడ్లు వాళ్లకు ఈ ఆట ఉండాలి. కౌన్సెలర్ పోస్టుల అర్హతల్లో డ్రామా థెరపీ శిక్షణను చేరుస్తూ రెండు ప్రభుత్వాలూ ఆలోపే జీవోలు ఇవ్వాలి.