ఒరిజినల్స్ దొరకలేదట!

ఇరవై రెండేళ్లు పట్టింది. 2002లో ఎంతో ఆర్భాటంగా అచ్చేసిన, ఇతర రకాల కణాలుగా మారగల మూలకణాలపై (స్టెమ్ సెల్స్) పరిశోధన పత్రాన్ని ‘నేచర్’ పత్రిక ఎట్టకేలకు 2024 జూన్‌లో ఉపసంహరించుకుంది. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో కేథరీన్ వెర్ఫాయీ ల్యాబ్ నుంచి వచ్చిన పత్రమది. కొన్ని చిత్రాలపై అనుమానాలు వచ్చాయి, సరైనవి చూపిద్దామంటే ఒరిజినల్స్ దొరకలేదు, అందుకే వెనక్కి తీసుకుంటున్నామన్నారు.

దొరకలేదట! ఈలోగా ఇతర పరిశోధకులు ఆ పత్రాన్ని దాదాపు 4,500 సార్లు ఉదహరించారు. దాన్ని నమ్మి ఎందరు పీహెచ్‌డీ విద్యార్థులు ఏళ్లు పోగొట్టుకున్నారో లెక్క తీసేవాడు లేడు.

ఎదిగిన చిట్టెలుక ఎముక మజ్జలో దొరికే ఒక రకం కణం శరీరంలో దాదాపు ఏ కణంగానైనా మారగలదని ఆ పత్రం చెప్పింది. అంతకు దాదాపు ఏడాది ముందే, 2001 ఆగస్టులో, పిండ మూలకణాలపై పరిశోధనకు ఫెడరల్ నిధులను అధ్యక్షుడు బుష్ కట్టడి చేశారు. మజ్జలోనే అన్నీ ఉంటే పిండాల జోలికి పోవడం ఎందుకని వాదించేవారికి ఈ పత్రం ఆయుధమైంది. అంటే ఇది ల్యాబ్ నాలుగు గోడల మధ్య ఉండిపోయిన వ్యవహారం కాదు.

మిగతా ల్యాబుల్లో ఆ ఫలితం సరిగా రాలేదు. అడిగితే, ఈ కణాల్ని పెంచడం చాలా కష్టం, వాటిని పెంచే ద్రవంలో కలిపే సీరం (రక్తం నుంచి తీసే ద్రవం) మారినా, పళ్లెంలో కణాలు కాస్త ఒత్తుగా పెరిగినా అవి గుణం మార్చుకుంటాయని జవాబు. ఇందులో నిజం లేకపోలేదు. మూలకణం చుట్టూ ఉన్న కణాల నుంచి, ద్రవం నుంచి అందే సంకేతాలను బట్టే తానేం కావాలో తేల్చుకుంటుంది. కానీ ప్రతిసారీ తప్పు, ప్రయోగం చేసినవాడి చేతిదే, చెప్పినవాడి మాటది కాదు అంటే ఎలా?

2007లోనే ఒక సైన్స్ వారపత్రిక చిత్రాలపై ప్రశ్నలు లేవనెత్తింది. ‘నేచర్’ ఓ సవరణ వేసి చేతులు దులుపుకుంది. మరుసటి ఏడాది విశ్వవిద్యాలయ విచారణ, అదే ల్యాబ్ నుంచి 2001లో ‘బ్లడ్’ పత్రికలో వచ్చిన మరో పత్రంలో చిత్రాలను తారుమారు చేశారని తేల్చింది. తప్పు ఒక పీహెచ్‌డీ విద్యార్థి మీద పడింది. ల్యాబ్ అధిపతి తారుమారు చేయలేదు గానీ శిక్షణ, పర్యవేక్షణ చాలలేదన్నారు. ‘బ్లడ్’ తన పత్రాన్ని 2009లో తీసేసింది. ‘నేచర్’కు మాత్రం మరో పదిహేనేళ్లు కావలసి వచ్చింది.

పాత ఫైళ్లు పోవడం సహజమేననీ, పొరపాటుకూ మోసానికీ తేడా చూడాలనీ అనేవారున్నారు. చూడాల్సిందే. తేడా తేల్చేది ఒరిజినల్సే కదా! వాటినే పోగొట్టుకుని, మాది పొరపాటే అనుకోండి అంటే ఎవరనుకోవాలి? మమ్మల్ని భయపెడుతున్నది ఇదే. ‘దొరకలేదు’ అన్నది ఈరోజు చెల్లితే రేపు అందరికీ చెల్లుతుంది. ప్రశ్న వచ్చిన రోజు నుంచి గడియారం చూస్తూ కూర్చుంటే చాలు, హార్డ్ డిస్కులు పాడవుతాయి, విద్యార్థులు దేశాలు పట్టిపోతారు, ఎడిటర్లు మారతారు.

ఇదే ‘నేచర్’ 2014 జనవరిలో జపాన్ నుంచి వచ్చిన ‘స్టాప్’ కణాల (మామూలు కణాల్ని ఆమ్లంలో ఉంచి మూలకణాల్లా మార్చామన్న) పత్రాలను అచ్చేసి, అదే ఏడాది జులైలో తీసేసింది. అయిదు నెలలు. క్లోన్ చేసిన మానవ పిండాల నుంచి మూలకణాలు తీశామన్న దక్షిణ కొరియా శాస్త్రవేత్త హ్వాంగ్ ఊ సుక్ పత్రాలు రెండింటినీ ‘సైన్స్’ 2006 జనవరిలో రద్దు చేసింది, రెండోది అచ్చయి ఏడాది కూడా తిరగకుండానే. చేయాలనుకుంటే చేయగలరన్నమాట. అక్కడ అయిదు నెలల్లో అయిన పని, ఇక్కడ 2007లో ప్రశ్న వచ్చాక కూడా పదిహేడేళ్లు ఎందుకు ఆగిందో ‘నేచర్’ చెప్పాలి.

ల్యాబ్ అధిపతులకూ ఓ మాట. పత్రం మీద చివరి పేరు మీది, బహుమతి మీది, గ్రాంటు మీది. చిత్రం తప్పయినప్పుడు మాత్రం అది విద్యార్థిది! పత్రం పంపిన రోజే ప్రతి బ్లాట్ (ప్రొటీన్లు, డీఎన్ఏ పట్టీలు చూపే చిత్రం), ప్రతి స్లైడ్ ఫొటో కత్తిరించకుండా జత చేయమని పత్రికలు పట్టుబట్టాలి. అవి లేని పత్రాన్ని ఎంత పెద్ద పేరున్నా తిప్పి పంపాలి. ఇక ఒరిజినల్స్ దొరకలేదన్నవారికి ఇచ్చే గడువు ఏళ్లలో కాదు, వారాల్లో ఉండాలి.