పట్టకం భద్రం

ఇంటర్ భౌతికశాస్త్రం ల్యాబుల మీద గిట్టనివాళ్లు నిందలు వేస్తున్నారు. పట్టకం (ప్రిజం) బీరువా దాటి రాదట, పిల్లలు దాన్ని రికార్డులో బొమ్మగానే చూస్తారట. గాజు వస్తువు కదండీ, పగిలితే డబ్బులు ఎవరు కడతారు?

పైగా తరంగ సూత్రాన్ని ఇంత చక్కగా ఆచరిస్తున్నవాళ్లు ఇంకెక్కడున్నారు? అలను మోసే పదార్థం, అంటే యానకం, ఉన్నచోటే ఉంటుంది, శక్తి మాత్రం ముందుకు పోతుంది. పరికరాలు బీరువాలోంచి కదలవు, రీడింగులు మాత్రం సీనియర్ల రికార్డుల్లోంచి జూనియర్ల రికార్డుల్లోకి ఏటేటా ప్రయాణిస్తాయి. ప్రాక్టికల్స్ నాడు వెనక బెంచీ దాకా జవాబు పాకుతుంటే తలలు ముందుకు వంగి వెనక్కి వాలతాయి చూడండి, అది అచ్చమైన అనుదైర్ఘ్య తరంగం. తిర్యక్ తరంగానికి తలలు అడ్డంగా ఊగాలి. అది వైవాలో, నోటి ప్రశ్నలప్పుడు.

అసలు పనితనమంతా పట్టకం ప్రయోగంలో ఉంది. వెలుగు పట్టకం మీద పడే పతన కోణం మారుస్తూ, అది ఎంత పక్కకు తిరిగిందో చెప్పే విచలన కోణం కొలిచి, గ్రాఫు గీసి, అందులో అన్నిటికన్నా తక్కువదైన కనిష్ఠ విచలనం పట్టుకుని, గాజు వెలుగును ఎంత వంచుతుందో చెప్పే వక్రీభవన గుణకం కట్టాలి. ఇది పాత పద్ధతి. మనవాళ్లు ముందు 1.5 అని జవాబు వేసుకుంటారు. 60 డిగ్రీల పట్టకానికి అది రావాలంటే కనిష్ఠ విచలనం సుమారు 37 డిగ్రీలుండాలని వెనక్కి లెక్కగడతారు. తర్వాత ఒంపుగా గీత గీసి, దాని మీద చుక్కలు పెడతారు. ఒక్క చుక్కా గీత దాటదు. (నేను చదువుకునే రోజుల్లో ఓసారి నిజంగానే గుండుసూదులు గుచ్చి, ఒంటికన్ను మూసి చూశాను. 1.43 వచ్చింది. మార్కులు పోయాయి.)

సి.వి. రామన్‌దీ ఇదే తొందరపాటు. చిన్నప్పుడు విశాఖలో చదువుకున్న మనిషి, సముద్రం కొత్తేమీ కాదు. 1921లో ఓడలో వస్తూ మధ్యధరా నీలం చూసి ఊరుకోలేకపోయాడు. అది ఆకాశపు ప్రతిబింబమేనని బ్రిటిష్ భౌతికశాస్త్రవేత్త రేలీ దొరగారు ఎప్పుడో చెప్పారు, రెండు మార్కులకు ఆ ముక్క చాలు. ఈయన నికాల్ పట్టకం అడ్డుపెట్టి, నీటి పైనుంచి పరావర్తనం చెంది వచ్చే వెలుగును ఆపి చూశాడు. నీలం పోలేదు. ఆ పేచీ రామన్ ఎఫెక్ట్ కనుగొన్న 1928 ఫిబ్రవరి 28 దాకా, అక్కణ్ణుంచి 1930 నోబెల్ దాకా సాగింది.

ఆ తేదీన ఏటా జాతీయ విజ్ఞాన దినోత్సవం. ఆయన ఫోటోకి దండ వేస్తాం. పెట్టడానికి అనువైన చోటు ల్యాబులో బీరువా ముందే ఉంది. పెట్టాక తలుపు తెరుచుకోదు.