తొమ్మిది బడి, ఆరు బడి

న్యూజెర్సీ నుంచి డాలస్ ప్రాంతానికి బదిలీ మీద వచ్చిన మా బాబాయిగారి అబ్బాయి, ఇల్లు కొనే ముందు ఒక ఆదివారం మధ్యాహ్నం మా డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ తెరిచి కూర్చున్నాడు. అతను తయారు చేసుకున్న ఎక్సెల్ పట్టికలో ముప్పై నాలుగు ఇళ్ళున్నాయి. ధర, చదరపు అడుగులు, ఆఫీసుకు దూరం, తూర్పు ముఖమా కాదా అన్న గడులన్నీ ఉన్నాయి గానీ, పట్టికను పేర్చింది మాత్రం చిట్టచివరి గడిని బట్టి: ఆ ఇంటికి కేటాయించిన ఎలిమెంటరీ స్కూలుకు గ్రేట్‌స్కూల్స్ అనే సంస్థ పదికి ఇచ్చిన రేటింగ్. ఎనిమిదికి తగ్గిన వరుసలన్నిటికీ ఎర్ర రంగు పూసి పెట్టాడు. ఎరుపు పడిన వాటిలో ఒక ఇల్లు మా మరదలికి బాగా నచ్చింది. "బావగారూ, ఈ తొమ్మిదికీ ఆ ఆరుకీ మధ్య అసలు తేడా ఏమిటంటారు?" అని ఆ అమ్మాయి అడిగితే ఆ పూట నేను ఏదో నసిగి ఊరుకున్నాను. తరువాత తీరిగ్గా కూర్చుని చెప్పగలిగిన జవాబు ఇది.

ఒక బడి సగటు మార్కు ప్రధానంగా ఆ బడికి ఎవరి పిల్లలు వస్తున్నారో చెబుతుంది. వచ్చిన పిల్లలకు ఆ బడి ఏం నేర్పుతోందో చెప్పే లెక్క వేరే ఉంది. మనవాళ్ళలో చాలామంది మొదటి దాన్ని రెండోదిగా చదువుకుని, ఆ పొరపాటు మీద ముప్పై ఏళ్ళ అప్పు తీసుకుంటున్నారు.

ఇందులో మొదటి సగం కొత్త సంగతేమీ కాదు. 1966లో జేమ్స్ కోల్‌మన్ నాయకత్వాన అమెరికా ప్రభుత్వం కోసం తయారైన నివేదిక, ఆరు లక్షల మందికి పైగా విద్యార్థుల వివరాలు పరిశీలించి, మార్కుల్లో కనిపించే తేడాలకు బడి సౌకర్యాల కన్నా ఇంటి నేపథ్యమే పెద్ద కారణమని తేల్చింది. అయితే అప్పట్లో బడివారీ మార్కులు సామాన్యుడికి అందుబాటులో లేవు. 2002 జనవరిలో సంతకమైన నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్ చట్టం మూడు నుంచి ఎనిమిది వరకు ప్రతి తరగతిలోనూ, హైస్కూల్లో ఒకసారీ ఇంగ్లీషు, లెక్కల పరీక్షలు పెట్టి, పేద పిల్లలు, ఇంగ్లీషు కొత్తగా నేర్చుకునే పిల్లలు, ఆయా జాతుల పిల్లలు అంటూ విడివిడిగా ఫలితాలు ప్రకటించాలని నిర్బంధించింది. సగటు చాటున ఎవరూ దాగిపోకూడదన్నది దాని ఉద్దేశం. 2015లో దాని స్థానంలో వచ్చిన చట్టం కూడా ఈ పరీక్షలనూ, ఈ విడి లెక్కలనూ అలాగే ఉంచింది. తమాషా ఏమిటంటే, విడదీసి చూపించమని పుట్టిన ఆ సమాచారాన్నే మళ్ళీ ఒక్క అంకెగా ముద్దచేసి ఇళ్ళ అమ్మకాల వెబ్‌సైట్లలో ఫోటోల కింద అతికిస్తున్నారు. ఇల్లు చూపించే ఏజెంటును, అంటే రియల్టర్‌ని, అడిగినా లాభం లేదు. ఇళ్ళ అమ్మకాల్లో వివక్షను నిషేధించే 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టానికి భయపడి ఫలానా బడి మంచిది, ఫలానాది కాదు అని నోరు విప్పకుండా ఆ అంకె వైపే వేలు చూపిస్తారు.

ఆ అంకె ఎలా మోసం చేయగలదో ఒక ఊహా లెక్కతో చూపిస్తాను. మొదటి బడిలో వంద మంది పిల్లలు. ఎనభై మంది కలిగిన ఇళ్ళవాళ్ళు, ఇరవై మంది పేదవాళ్ళు. కలిగినవారిలో 85 శాతం, పేదవారిలో 40 శాతం పరీక్ష గట్టెక్కారు, అంటే 68 మందీ 8 మందీ, మొత్తం 76. రెండో బడిలోనూ వంద మందే, కానీ ముప్పై మంది కలిగినవాళ్ళు, డెబ్భై మంది పేదవాళ్ళు. అక్కడ కలిగినవారిలో 90 శాతం, పేదవారిలో 50 శాతం గట్టెక్కారు, అంటే 27 మందీ 35 మందీ, మొత్తం 62. మీ పిల్లవాడు ఏ కోవకు చెందినా రెండో బడే మెరుగు. సగటును బట్టి పట్టిక పేర్చితే ఎర్ర రంగు పడేది మాత్రం దానికే. మా మరదలు ఈ లెక్కను కాగితం మీద రెండుసార్లు వేసుకుని చూసింది.

ఇది ఊహ కనుక తోసిపుచ్చుదామంటే నిజమైన ఉదాహరణ షికాగో ఉంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో షాన్ రియర్డన్ బృందం దేశంలోని పదకొండు వేలకు పైగా స్కూల్ డిస్ట్రిక్టుల (ఒక్కో ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే స్థానిక సంస్థల) ఫలితాలను ఒకే కొలబద్ద మీదికి తెచ్చి అందరికీ ఉచితంగా అందుబాటులో పెట్టింది. సగటు మార్కునూ, మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతి వరకు పిల్లలు ఏటా ఎంత ఎదిగారన్న వేగాన్నీ అందులో వేరువేరుగా చూడవచ్చు. సగటు మార్కు ఆ ఊరి కుటుంబాల ఆర్థిక స్థితితో గట్టిగా ముడిపడి ఉంటుంది. ఎదుగుదల వేగానికి ఆ ముడి చాలా బలహీనం. 2009 నుంచి 2014 వరకు ఫలితాలు చూస్తే, సగటులో వెనకబడిన షికాగో పబ్లిక్ స్కూళ్ళలో పిల్లలు అయిదేళ్ళలో ఆరేళ్ళ చదువుకు సమానమైన దూరం నడిచారని రియర్డన్ 2017లో ప్రకటించారు. దేశంలోని వంద పెద్ద డిస్ట్రిక్టులలో అంత వేగం మరెక్కడా లేదు. షికాగోలో ఉద్యోగం వచ్చి శివారు పట్టణం నేపర్‌విల్‌లో తప్ప ఇల్లు చూడనన్న మనవాళ్ళలో ఎంతమందికి ఈ సంగతి చేరిందో మరి.

టెక్సస్‌లో బడులకు రాష్ట్రం ఇచ్చే ‘ఏ’ నుంచి ‘ఎఫ్’ వరకు గ్రేడ్లకు కూడా లోపల ఒక కథ ఉంది. ఈ గ్రేడుకు మూడు భాగాలు: పిల్లల మార్కులు, పిల్లల ఎదుగుదల, వర్గాల మధ్య అంతరాలు. మొదటి రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి 70 శాతం, మూడో దానికి 30 శాతం బరువు ఇస్తారు. కాబట్టి ఒక బడికి ‘ఏ’ గ్రేడు కలిగిన ఇళ్ళ పిల్లల మార్కుల వల్ల రావచ్చు, మరో బడికి ‘ఏ’ గ్రేడు వెనకబడిన పిల్లలను ముందుకు నడిపించడం వల్ల రావచ్చు. పైకి రెండూ ఒకే అక్షరం. పైగా హైస్కూళ్ళ విషయంలో, కాలేజీకి, ఉద్యోగానికి సిద్ధమైన విద్యార్థుల శాతం 60 ఉంటే ‘ఏ’ ఇచ్చే చోట ఆ గీతను 88కి పెంచారు. డిస్ట్రిక్టులు కోర్టుకెక్కాయి, 2023 గ్రేడ్లు 2025 వరకు బయటికి రాలేదు. గీత జరిగితే గ్రేడు జరుగుతుంది. ఆ ఏడాది బడిలో పాఠాలు చెప్పే తీరేమీ మారి ఉండనక్కర్లేదు. అలాగే టెక్సస్ రాష్ట్రం పెట్టే స్టార్ పరీక్షలో ‘అప్రోచెస్’, ‘మీట్స్’, ‘మాస్టర్స్’ అని మూడు మెట్లున్నాయి. వాట్సాప్‌లో తిరిగే శాతం ఏ మెట్టుదో చెప్పకుండా పంపేవారిని, అది ఏ మెట్టుదని అడగడం మొదలుపెడితే సగం వాదాలు అక్కడే ఆగిపోతాయి.

రాష్ట్రాల మధ్య పోలిక మరీ చిక్కు. మా తమ్ముడు న్యూజెర్సీలోని తమ పాత బడి శాతాన్ని ఇక్కడి శాతం పక్కన పెట్టి బెంగపడ్డాడు. రెండూ వేరు పరీక్షలు, వేరు గీతలు. అన్ని రాష్ట్రాలకూ ఉమ్మడిగా జరిగే పరీక్ష జాతీయ స్థాయి నేప్ ఒక్కటే, కానీ అది రాష్ట్రాలకూ, డాలస్, హ్యూస్టన్ వంటి కొన్ని పెద్ద నగర డిస్ట్రిక్టులకూ తప్ప ఫ్రిస్కో, కాపెల్ వంటి డాలస్ శివారు డిస్ట్రిక్టులకు విడిగా ఫలితం ఇవ్వదు. న్యూయార్క్ రాష్ట్రంలో 2015లో అయిదింట ఒక వంతు పిల్లలను తల్లిదండ్రులు పరీక్షకే కూర్చోనివ్వలేదు. అటువంటి చోట సగటు ఎవరి సగటు?

ఊరి పేరు కూడా తప్పుదారి పట్టిస్తుంది. అర్వింగ్ నగరంలో ఇల్లు కొంటే అది అర్వింగ్ ఐఎస్‌డీలో (టెక్సస్‌లో స్కూల్ డిస్ట్రిక్టును ఇలా అంటారు) ఉండవచ్చు, కాపెల్ ఐఎస్‌డీలో ఉండవచ్చు, క్యారల్టన్-ఫార్మర్స్ బ్రాంచ్‌లో ఉండవచ్చు. ఫ్రిస్కో ఐఎస్‌డీ ప్లేనో, మెకినీ, లిటిల్ ఎల్మ్ పట్టణాల్లోకి చొచ్చుకుపోయి ఉంటుంది, ఫ్రిస్కో నగరంలో కొంత భాగమేమో ప్రాస్పర్, లూయిస్‌విల్ ఐఎస్‌డీల కిందికి వస్తుంది. ఇక ఫలితాల నివేదికల్లో ‘ఏషియన్’ అన్న గడి సంగతి. లూయిస్‌విల్‌లో బర్మా నుంచి శరణార్థులుగా వచ్చిన చిన్ కుటుంబాలు చాలా ఉన్నాయి. వారి పిల్లలనూ, హెచ్1బీ మీద వచ్చిన మన ఇంజినీర్ల పిల్లలనూ ప్రభుత్వ నివేదిక ఒకే గడిలో కూర్చోబెడుతుంది. ఆ గడి చూసి "మన పిల్లలు అక్కడ బాగా చేస్తారు" అనో "చెయ్యరు" అనో అనుకోవడం గాలిలో లెక్కే.

ఇంతకీ ఒక్క అంకె మీద మనకు ఇంత గురి ఎందుకు? ఇంటర్ ఫలితాలు, ఎంసెట్ ర్యాంకులు వచ్చిన మర్నాడు పేపరు మొదటి పేజీ నిండా 1, 1, 2, 3 అంటూ ఫోటోలతో అచ్చయ్యే ప్రకటనలు చూస్తూ పెరిగినవాళ్ళం. అన్ని బ్రాంచీలలో కలిపి ఎన్ని వేల మంది పరీక్ష రాస్తే ఆ పది ఫోటోలు వచ్చాయని మన ఇళ్ళల్లో అడిగేవారు తక్కువ. ఆ కంటితోనే ఇక్కడి రేటింగులూ చదువుతున్నాం. పైగా ఇక్కడ ఆ అంకెకు మనమూ పుల్లలు ఎగదోస్తున్నాం: శనివారం కుమాన్ ట్యూషన్, ఆదివారం మ్యాథ్ ఒలింపియాడ్, రాత్రి వంటింట్లో అమ్మ పట్టించే ఎక్కాలు, అన్నీ కలిసి బడి ఖాతాలో తొమ్మిదిగా జమ అవుతాయి. మరో తెలుగు కుటుంబం ఆ తొమ్మిదిని చూసి అధిక ధర పెట్టి అక్కడికే వస్తుంది. ఈ ధరను కొలిచినవారూ ఉన్నారు. బోస్టన్ శివార్లలో స్కూలు సరిహద్దుకు ఇరుపక్కల ఉన్న ఇళ్ళను పోల్చి, ఎలిమెంటరీ మార్కులు 5 శాతం పెరిగితే ఇంటికి సుమారు 2.5 శాతం ఎక్కువ చెల్లించడానికి జనం సిద్ధపడుతున్నారని ఆర్థికవేత్త శాండ్రా బ్లాక్ 1999లోనే చూపించారు.

నాతో వాదించేవారి పక్షాన కూడా బలముంది. తోటి పిల్లల ప్రభావం నిజమే. హైస్కూల్లో కాలేజీ స్థాయి ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) కోర్సులు, ఆర్కెస్ట్రా, రోబోటిక్స్ ఎన్ని ఉన్నాయన్నది నిజమైన తేడాయే. మళ్ళీ అమ్ముకోవలసి వస్తే రేటింగ్ ఉన్న ఇల్లు తొందరగా పోతుందన్నదీ కాదనలేం. కానీ టెక్సస్‌లో ఈ లెక్కకు ఒక ఎదురు లెక్క ఉంది. 1997 చట్టం ప్రకారం ప్రతి హైస్కూల్లో పై 10 శాతం విద్యార్థులకు రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో నేరుగా సీటు దొరుకుతుంది. ఆస్టిన్‌లోని యూటీ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్) మాత్రం దాన్ని 6 శాతానికి, 2026 ప్రవేశాల నుంచి 5 శాతానికి కుదించింది. అందరూ ఏరికోరి చేరిన బడిలో ఆ అయిదు శాతంలోకి రావడం ఎంత కష్టమో పదకొండో తరగతి పిల్లలున్న ఇళ్ళలో అడగండి.

ప్రభుత్వ సమాచారాన్ని పక్కన పడేయమని నేననడం లేదు; ఇంకాస్త లోతుగా చదవమంటున్నాను. టెక్సస్ విద్యాశాఖ ప్రతి బడికీ, ప్రతి డిస్ట్రిక్టుకూ ఏటా ఒక పెద్ద నివేదిక ఇస్తుంది. అందులో తరగతికి సగటున ఎంతమంది పిల్లలు, టీచర్లకు ఎన్నేళ్ళ అనుభవం, వారిలో ఏటా ఎంత శాతం డిస్ట్రిక్టు వదిలిపోతున్నారు, ఏడాది మధ్యలో బడి మారే పిల్లలు ఎంతమంది అన్నవి ఉంటాయి. నమోదు పడిపోతోందా అన్నది మరీ ముఖ్యం: ఎంతో పేరున్న ప్లేనో ఐఎస్‌డీ 2024లో నాలుగు బడులు మూసివేయాలని నిర్ణయించింది. రేటింగ్ చూసి కొన్న ఇంటికి ఆ బడే మిగలకపోవచ్చు.

తమ్ముడి పట్టికలో ఇప్పుడు చివరి గడికి పక్కన మరో మూడు గడులు చేరాయి, ఎర్ర రంగు తీసేశాడు. మరదలు ఆ ఆరు బడికి ఫోన్ చేసి, వచ్చి చూడవచ్చా అని అడిగితే ఆఫీసులో ఆవిడ గురువారం పదింటికి రమ్మన్నదట. వెళ్ళే ముందు రోజు రాత్రి ఫోన్ చేసి, "అక్కడేం అడగమంటారు బావగారూ?" అంది. "నాలుగో తరగతి చెప్పే టీచర్లలో పోయినేడు కూడా అదే తరగతి చెప్పినవాళ్ళు ఎంతమందో అడుగమ్మా, వాళ్ళలో ఒకరి క్లాసు వెనక పావుగంట కూర్చోనిస్తారేమో కూడా అడుగు," అన్నాను.