సైజిక్ రాజీనామాకు కారణం భూతాపం కాదు

అమెరికాలోని సువార్తిక క్రైస్తవులకూ (బైబిలు ప్రామాణికతకూ వ్యక్తిగత విశ్వాసానికీ పెద్దపీట వేసే ఎవాంజెలికల్ ప్రొటెస్టెంట్లకూ) పర్యావరణానికీ ఉన్న సంబంధం గురించి ఎవరు మాట్లాడినా రిచర్డ్ సైజిక్ ఉదంతం ప్రస్తావనకు వస్తుంది. ఆయన 1980 నుంచి 2008 దాకా నేషనల్ అసోసియేషన్ ఆఫ్ ఎవాంజెలికల్స్‌లో పనిచేశారు. క్లుప్తంగా ఎన్‌ఏఈ అని పిలిచే ఆ సువార్తిక సంఘాల సమాఖ్య తరఫున వాషింగ్టన్‌లో ప్రభుత్వ వ్యవహారాలు చూసిన ఉపాధ్యక్షుడు ఆయనే. ఆయన గురించి విస్తృతంగా చలామణీలో ఉన్న కథనం ఇలా సాగుతుంది: గర్భస్రావం, వివాహం వంటి అసలైన నైతిక విషయాలను సైజిక్ గాలికి వదిలేశారు, వామపక్షం నుంచి భూతాపం గొడవను అరువు తెచ్చుకున్నారు, సంఘాన్ని రాజకీయాల్లోకి ఈడ్చారు, చివరికి ఆ కారణంగానే సొంత సంస్థ ఆయనను సాగనంపింది. విచిత్రమేమిటంటే, ఆయన విమర్శకులు దీన్ని గుణపాఠంగానూ, అభిమానులు పర్యావరణం కోసం జరిగిన బలిదానంగానూ చెప్పుకుంటారు. రెండు పక్షాలకూ పనికొచ్చే కథ కనుక తేదీలు సరిచూసే అవసరం ఎవరికీ కలగడం లేదు.

ముందుగా ముగింపు సంగతే చూద్దాం, ఎందుకంటే కథనం బలమంతా అక్కడే ఉంది. 2007 మార్చి 1న జేమ్స్ డాబ్సన్, టోనీ పెర్కిన్స్, గ్యారీ బవర్, పాల్ వైరిక్ సహా పాతిక మంది దాకా సంప్రదాయవాద నాయకులు ఎన్‌ఏఈ బోర్డు అధ్యక్షుడికి ఒక లేఖ రాశారు. సైజిక్ భూతాపం మీద పెట్టిన ధ్యాస మన కాలపు పెద్ద నైతిక సమస్యల నుంచి దృష్టిని మళ్లిస్తోందనీ, సువార్తికుల అభిప్రాయాలను ఆయన సరిగా వినిపించలేకపోతే రాజీనామాకు ప్రోత్సహించాలనీ ఆ లేఖ సారాంశం. కథనం చెప్పేవారు ఇక్కడి నుంచి నేరుగా రాజీనామాకు దూకుతారు. అయితే ఆ నెలలోనే మిన్నెసోటా రాష్ట్రంలోని ఈడెన్ ప్రెయిరీలో బోర్డు సమావేశమైంది; ఆయనను తొలగించలేదు, మందలించనూ లేదు. పైగా, సృష్టి పరిరక్షణను క్రైస్తవుల పౌరధర్మాల్లో ఒకటిగా చెప్పిన 2004 నాటి తన పత్రాన్ని మళ్లీ ధ్రువీకరించింది. లేఖ అడిగింది ఒకటి, బోర్డు చేసింది మరొకటి.

ఆ తరువాత సైజిక్ దాదాపు 21 నెలలు అదే పదవిలో కొనసాగారు. 2008 డిసెంబర్ మొదట్లో ప్రసారమైన ఒక రేడియో సంభాషణలో, స్వలింగ జంటల పౌర బంధాల (వివాహమన్న పేరు లేకుండా చట్టం ఇచ్చే గుర్తింపు) విషయంలో తన అభిప్రాయం మారుతోందని అన్నారు. పార్టీ అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే వర్జీనియా ప్రైమరీలో బరాక్ ఒబామాకు ఓటు వేసినట్టు కూడా చెప్పారు. వివాహ నిర్వచనాన్ని మార్చాలని ఆయన అనలేదు కానీ, ఎన్‌ఏఈ సభ్య సంఘాలకు ఆ మాత్రం చాలింది. సంస్థ ప్రతినిధిగా ఆయన మాట మీద నమ్మకం పోయిందన్న కారణంతో డిసెంబర్ 10న రాజీనామా జరిగింది. దీన్ని సమర్థించవచ్చు, తప్పుపట్టవచ్చు. నా దృష్టిలో, ఒక సమాఖ్య తన వైఖరికి భిన్నంగా మాట్లాడిన ప్రతినిధిని మార్చుకోవడం అసహజమేమీ కాదు. కానీ భూతాపం కారణంగా వెళ్లగొట్టారనడం మాత్రం 2007 నాటి లేఖకూ 2008 నాటి రాజీనామాకూ మధ్య ఉన్న కాలాన్ని కత్తిరించి, రెండు కొసలనూ కలిపి ముడివేయడమే.

పర్యావరణం బయటి నుంచి అరువు తెచ్చుకున్న అంశమన్న వాదనకు ఎన్‌ఏఈ సొంత దస్త్రాలే జవాబు. ఆ సంస్థ 1970లోనూ 1971లోనూ పర్యావరణంపై తీర్మానాలు చేసింది. అప్పటికి సైజిక్ ఆ సంస్థలో అడుగే పెట్టలేదు. 1993లో ఎవాంజెలికల్ ఎన్విరాన్‌మెంటల్ నెట్‌వర్క్ ఏర్పడింది, మరుసటి ఏడాది సృష్టి సంరక్షణపై ఒక సువార్తిక ప్రకటన వెలువడింది. ఇక 2004 అక్టోబర్‌లో ఎన్‌ఏఈ బోర్డు ఏకగ్రీవంగా ఆమోదించిన పౌరబాధ్యతల పత్రం ఏడు రంగాలను పేర్కొంది. మతస్వేచ్ఛ, కుటుంబం, ప్రాణం పవిత్రత, పేదలకు న్యాయం, మానవ హక్కులు, శాంతి, వీటితో పాటు సృష్టి పరిరక్షణ. సైజిక్ ఆ జాబితాను పక్కనపెట్టి కొత్తది తేలేదు. అందులోని చివరి అంశాన్ని గట్టిగా పలికారు.

ఆయనకు శీతోష్ణస్థితి మార్పుపై నమ్మకం కలిగించిన వ్యక్తి ఎవరో తెలిస్తే వామపక్షం మాట మరింత పలచబడుతుంది. 2002లో ఆక్స్‌ఫర్డ్‌లో జరిగిన సదస్సులో సైజిక్ విన్నది సర్ జాన్ హౌటన్ ప్రసంగం. వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి ఏర్పాటు చేసిన ఐపీసీసీ అనే సంఘంలో శాస్త్రీయ అంచనా విభాగానికి నేతృత్వం వహించిన ఆ బ్రిటిష్ శాస్త్రవేత్త స్వయంగా సువార్తిక క్రైస్తవుడు. ఆ అనుభవాన్ని సైజిక్ మారుమనస్సుతో, అంటే పాత బతుకు విడిచి దేవుని వైపు తిరగడంతో, పోల్చి చెప్పేవారు. ఆ మాటకు తెలుగు క్రైస్తవులు ఇచ్చే బరువు తెలిసినవారికి ఆయన ఎంత గంభీరంగా అన్నారో అర్థమవుతుంది.

కథనంలో కొంత నిజం ఉన్న చోటు కూడా చెప్పాలి. 2006 ఫిబ్రవరిలో 86 మంది సువార్తిక నాయకులు సంతకాలు చేసిన, భూతాపంపై చర్య కోరిన ఎవాంజెలికల్ క్లైమేట్ ఇనిషియేటివ్ ప్రకటనకు హ్యూలెట్ ఫౌండేషన్ వంటి మతేతర సంస్థల నుంచి నిధులు అందిన మాట వాస్తవం. డబ్బు ఎక్కడిదని అడగడం న్యాయమైన ప్రశ్నే. అయితే ఆ సంతకాల్లో సైజిక్ సంతకం లేదు. భూతాపంపై సభ్యుల్లో ఏకాభిప్రాయం లేదు కనుక సంస్థ తరఫున వైఖరి ప్రకటించవద్దని అంతకు ముందు నెలలో కొందరు రాసిన లేఖను మన్నించి ఎన్‌ఏఈ వెనక్కు తగ్గింది, ఆయన తన పేరును ఆ పత్రం మీద పెట్టలేదు. సంస్థను తన ఇష్టానికి ఈడ్చుకుపోయాడని ఏ మనిషి మీద నింద వేస్తున్నారో, ఆ మనిషి సంస్థ మాటకు కట్టుబడి కలం కిందపెట్టిన సందర్భమిది.

గర్భస్రావాన్ని, వివాహాన్ని వదిలేశారన్న ఆరోపణ 2007 నాటికి నిజం కాదు. గర్భస్రావంపై ఆయన వ్యతిరేకత అప్పటికి చెక్కుచెదరలేదు. వివాహంపై ఆయన మాట సడలింది 2008 చివరిలో. అంతకు ముందు ఏళ్లలో ఎన్‌ఏఈ వాషింగ్టన్ కార్యాలయం 1998 నాటి అంతర్జాతీయ మతస్వేచ్ఛ చట్టం కోసమూ, 2000 నాటి మనుషుల అక్రమ రవాణా బాధితుల రక్షణ చట్టం కోసమూ పనిచేసింది. అసలు పర్యావరణాన్నీ గర్భస్థ శిశువునూ ఎదురెదురు తక్కెడల్లో పెట్టడమే పొరపాటు. బొగ్గు విద్యుత్ కేంద్రాల నుంచి వెలువడే పాదరసం చేపల ద్వారా గర్భిణుల ఒంట్లోకి చేరి కడుపులోని బిడ్డ మెదడుకు హాని చేస్తుంది కనుక, 2011లో ఆ ఉద్గారాలపై వచ్చిన నిబంధనలను ఎవాంజెలికల్ ఎన్విరాన్‌మెంటల్ నెట్‌వర్క్ ప్రాణరక్షణ అంశంగానే సమర్థించింది.

రాజకీయాల్లోకి దిగడమే నేరమన్న వాదన గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 1983 మార్చి 8న అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్ సోవియట్ యూనియన్‌ను దుష్ట సామ్రాజ్యంగా పేర్కొని, అణ్వాయుధాల స్తంభన ప్రతిపాదనను ఎదిరించమని కోరింది ఆర్లాండోలో జరిగిన ఎన్‌ఏఈ మహాసభలోనే. 2007 నాటి లేఖ మీద సంతకం చేసినవారిలో బవర్ 2000 ఎన్నికలకు రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థిత్వం కోసం పోటీపడినవారు, వైరిక్ సంప్రదాయవాద మేధోసంస్థ హెరిటేజ్ ఫౌండేషన్ స్థాపకుల్లో ఒకరు. వారి అభ్యంతరం రాజకీయాల మీద కాదు, ఏ రాజకీయాలన్న దాని మీద.

మిగిలింది లేఖనాధారం. భూమిని లోపరచుకొని ఏలమని ఆదికాండము మొదటి అధ్యాయంలో ఉంది కదా, ఇక ఈ పరిరక్షణ ఎందుకని కొందరు అడుగుతారు. తెలుగు బైబిలులో ఒక పుట తిప్పితే రెండో అధ్యాయం 15వ వచనంలో నరుని ఏదెను తోటలో ఉంచిన కారణం కనబడుతుంది: "సేద్యపరచుటకును దాని కాచుటకును". చేను కాయడమంటే ఏమిటో మంచె ఎక్కి పిట్టలను తోలినవాడికి వ్యాఖ్యానం అక్కరలేదు. చేను కాచేవాడు దాని యజమాని కానక్కరలేదు, మేసేవాడు మాత్రం అసలే కాకూడదు. సైజిక్ తన వాదనకు తరచుగా ఆధారం చేసుకున్నదీ ఈ వచనాన్నే.

సైజిక్ వెళ్లిపోయాక ఎన్‌ఏఈ ఈ విషయాన్ని వదిలించుకుని ఊపిరి పీల్చుకుందా అంటే, అదీ లేదు. 2010లో ఆయన డేవిడ్ గషీ, స్టీవెన్ మార్టిన్‌లతో కలిసి వేరే సంస్థ పెట్టుకున్నారు. ఆ మరుసటి ఏడాది, మారుతున్న వాతావరణం పేదల బతుకులను ఎలా దెబ్బతీస్తోందో వివరిస్తూ ఎన్‌ఏఈ తన పేరుతోనే ఒక నివేదిక ప్రచురించింది, 2022లో దాన్ని సవరించి మళ్లీ విడుదల చేసింది.